మగ్గం గుంతలో గడిపిన సెలవు

ఇప్పుడు నాకు తుపాకీ ఇవ్వరు. ఈ ఒక్క మాట కాగితం మీద పెట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఇలాంటివాళ్ళను చూసి ఒకప్పుడు నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ నవ్వే చివరికి నా గొంతుకు అడ్డం పడింది.

సైన్యంలో చేరి నాకు పదహారేళ్ళు. మాది బత్తలపల్లి దగ్గర చిన్న ఊరు, ధర్మవరం పట్టుచీరలు నేసే ఇల్లు. పందొమ్మిదేళ్ళు నిండగానే, మగ్గం ముందు నడుం వంచడం నా వల్ల కాదని నాయనతో పోట్లాడి వెళ్ళిపోయినవాణ్ణి నేను. నాకు ముక్కు మీద కోపం అని ఊరంతటికీ తెలుసు. అందుకే జబ్బు వచ్చినప్పుడు కూడా ఇంట్లో వాళ్ళు అది నా కోపమే అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. జబ్బు అని తేలేసరికి ప్రాణం మీదికి వచ్చింది. యూనిఫాం వేసుకున్నవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళూ చదువుతారని ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివినా నష్టం లేదు.

జనవరి, పోస్టులో

ఆ రోజు సంగతి పొడుగ్గా రాయను. రాయలేను కూడా. సరిహద్దు దగ్గర కొండ మీద పోస్టు. మధ్యాహ్నం పూట ఇద్దరం బయట నిలబడి టీ తాగుతున్నాం. అవతలి నుంచి గుండ్లు పడటం మొదలైంది. కందకం మూడంగల దూరంలో ఉంది. నేను దూకాను. నాతో టీ తాగుతున్నవాడు కందకం దాకా రాలేదు. అతనిది హరియాణా. పేరు రాయను, వాళ్ళమ్మ ఇంకా బతికే ఉంది.

నాకు గీత కూడా పడలేదు. నాలుగు రోజుల తర్వాత మా యూనిట్ డాక్టరు పోస్టుకు వచ్చి అందరినీ కూర్చోబెట్టాడు. నిద్ర పట్టనివాళ్ళు, గుండె దడగా ఉన్నవాళ్ళు నాతో విడిగా మాట్లాడండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు అన్నాడు. ఎవ్వరూ లేవలేదు. నేనూ లేవలేదు. అప్పటికి నాలుగు రోజులుగా నా కంటి మీద కునుకు లేదు.

ఎందుకు లేవలేదో చెప్పాలంటే సింహాచలం గురించి చెప్పాలి. శ్రీకాకుళం వాడు, నాతోపాటే చేరినవాడు. అంతకు ముందు ఏడాది తనకు నిద్ర పట్టడం లేదని, పిచ్చి ఆలోచనలు వస్తున్నాయని తనంతట తానే వెళ్ళి చెప్పాడు. ఆసుపత్రిలో పెట్టారు. తిరిగి వచ్చాక అతనికి ఆయుధం ఇవ్వలేదు. ఆఫీసు ముందున్న పూలకుండీల పని అప్పగించారు. మేమంతా అతన్ని తోటమాలి సాబ్ అని పిలిచేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే. ఒకరోజు అందరి ముందూ నీళ్ళ క్యాను భుజానికి ఆనించి అతనికి సెల్యూట్ కూడా కొట్టాను. అతను కోప్పడలేదు. క్యాను తీసుకుని మొక్కలకు నీళ్ళు పోసుకున్నాడు.

అలాంటి నేను ఏ మొహం పెట్టుకుని లేచి నిలబడతాను? ఠీక్ హూఁ సాబ్, బాగానే ఉన్నాను అన్నాను. మార్చి దాకా అడిగిన ప్రతివాడికీ అదే మాట చెప్పాను.

సెలవు మొదటి వారం

మార్చిలో అరవై రోజుల సెలవు మీద ఇంటికి వచ్చాను. ధర్మవరం స్టేషన్లో దిగేసరికే ఎండ మాడ్చేస్తోంది. ఇంట్లో నాయన, నా భార్య పద్మ, ఆరేళ్ళ కూతురు హర్షిత. అమ్మ పోయి చాలా కాలమైంది.

వచ్చిన మొదటి రోజు నుంచే నాకు వాకిట్లో కూర్చోవడం కష్టమైంది. నెత్తిన అంత ఆకాశం, చుట్టూ ఆనుకోవడానికి ఏమీ లేని మైదానం. చూడటానికి వచ్చినవాళ్ళతో మాట్లాడుతూనే ఎక్కడ దాక్కోవచ్చో వెతుక్కునేవాణ్ణి. కుక్కరు కూత వేస్తే లేచి నిలబడేవాణ్ణి. రేకుల తలుపు గాలికి కొట్టుకుంటే పద్మ మీద అరిచేవాణ్ణి, ఆ గాలిని ఆమే తెచ్చిందన్నట్టు.

మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి నాయన నేస్తాడు, రెండోది మూడేళ్ళుగా ఖాళీ. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేయాలి. మూడో రోజు మధ్యాహ్నం ఎదురింట్లో ఏదో ఇత్తడి గిన్నె కింద పడింది. ఆ చప్పుడుకు నేను ఎలా వెళ్ళానో నాకే తెలియదు, ఆ ఖాళీ గుంతలో ఉన్నాను. వెనక గోడ. పైన తక్కువ ఎత్తులో కప్పు. ఎదురుగా తలుపు, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు కనిపిస్తారు. రెండు నెలల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాను.

నాయన వచ్చి చూశాడు. తర్వాత ఆయన మొహం విప్పారింది.

"ఏమప్పా, మగ్గం మీదికి మనసు పోయినాదా?" అన్నాడు.

అవునన్నాను. అబద్ధమని అప్పుడు నాకూ తెలియదు.

మిలిటరీ నుంచి వచ్చిన కొడుకు మళ్ళీ కులవృత్తి మీద చెయ్యి వేశాడని నాయన సంబరం ఇంతా అంతా కాదు. మర్నాడే ధర్మవరం వెళ్ళి పట్టూ జరీ తెచ్చాడు. వారం తిరగకుండా మగ్గం మీద నిలువు దారాల పడుగు ఎక్కింది. వీధిలో వాళ్ళు వచ్చి చూసి, చెయ్యి మరిచిపోలేదే అని మెచ్చుకున్నారు. పద్మ కూడా సంతోషించింది. ఇంకెక్కడైనా ఒక మనిషి పగలంతా గుంతలో దిగి కూర్చుంటే ఇంటివాళ్ళు కంగారు పడతారు. మా ఇళ్ళల్లో బువ్వ గుంతలోకే తెచ్చి పెడతారు.

ఇరవయ్యో రోజు నుంచి

తెల్లారి కూర్చుంటే చీకటి పడేదాకా లేచేవాణ్ణి కాదు. సంగటి ముద్ద అక్కడే, టీ అక్కడే. ఒకరోజు పద్మ సంగటి తట్ట ఇచ్చి పోకుండా గడప దగ్గరే నిలబడింది.

"దినమంతా ఈ గుంతలోనే ఉంటావు. పెండ్లాం బిడ్డతో మాట్లాడేదేమీ లేదా?"

"పని చేస్తాంటే కండ్లు కనపడలేదా నీకు?" అని తట్ట విసిరేశాను. సంగటి గోడకు అంటుకుంది. ఆమె గోడ తుడిచి వెళ్ళిపోయింది. పెళ్ళయిన పదేళ్ళలో అలా ఎప్పుడూ చేయలేదు నేను. తర్వాత వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను. గుంతలోంచి లేవలేకపోయాను.

ప్రతి సాయంత్రం నాయన వచ్చి, నేసిన బట్ట కింద అరచెయ్యి పెట్టి మెల్లగా జరిపేవాడు. ఒక్కోచోట ఆగి అంచుకు చిన్న ఎర్ర దారం ముడి వేసేవాడు. ఎంత పొడవు నేశానో గుర్తుకని అనుకున్నాను. మా వాళ్ళు అలా గుర్తులు పెట్టుకోవడం మామూలే.

గోడ మీద క్యాలెండరు ఉండేది. ఎన్ని రోజులు మిగిలాయో రోజూ చూసుకునేవాణ్ణి. సెలవు అయిపోతుంది. వెళ్ళి రిపోర్టు చేస్తాను. ఆయుధాల గదిలో సంతకం పెట్టి రైఫిల్ తీసుకుంటాను. ఒంటరిగా డ్యూటీ పడుతుంది. అది చేతికి వచ్చాక నన్ను నేనేం చేసుకుంటానో నాకు తెలుసు. ఈ మాట ఇంతకంటే చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు.

ఇక్కడే ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఆ నిర్ణయం లోపల కుదిరాక నాకు కాస్త శాంతిగా ఉంది. రెండు మూడు రోజులు కాసేపు నిద్ర కూడా పట్టింది. పద్మతో నవ్వుతూ మాట్లాడాను. పాపకు జడ వేశాను. ఇంట్లో అందరూ అమ్మయ్య, మనిషి దారిలో పడ్డాడు అనుకున్నారు. మీ ఇంట్లో మనిషి నెలల తరబడి ముళ్ళ మీద ఉన్నట్టు ఉండి, కారణం లేకుండా ఒక్కసారిగా నెమ్మదిస్తే అమ్మయ్య అనుకోకండి. పక్కన కూర్చుని అడగండి. ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నలభై మూడో రోజు

ఏప్రిల్ చివరి రోజులు. మా ఇంటి వెనక చేనులో బోరు వేస్తున్నారు. అంతకు ముందు వేసిన రెండు బోర్లూ ఎండిపోయాయి, పాపం వాళ్ళ బాధ వాళ్ళది. పొద్దుటి నుంచి లారీ ఒకటే రొద. రొద ఒకే తీరుగా ఉంటే నాకు ఇబ్బంది లేదు. మధ్యాహ్నం గాలి గొట్టం ఏదో ఊడినట్టుంది, ధడాల్మని పేలింది.

తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తు. హర్షిత అప్పుడు నా పక్కన కూర్చుని రంగు దారాలు చుట్టిన కండెలతో ఆడుకుంటోంది. నాకు తెలివి వచ్చేసరికి గుంత అడుగున ఉన్నాను. నా కింద పాప ఉంది. దాని తలను నా రొమ్ముకు అదిమి పట్టుకుని ఉన్నాను. పద్మ నా చొక్కా పట్టుకుని పైకి లాగుతోంది. పడుగు పోగులు తెగి వేలాడుతున్నాయి. పాపకు ఏడుపు కూడా రావడం లేదు, నోరు తెరిచి చూస్తోంది. దాని జబ్బ మీద నా అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

పద్మ ఎత్తుకున్నాక అది అన్న మొదటి మాట, "నాయనా, నేనేం చేయలే."

ఆ మాటకు నా గుండె పగిలింది. నేను దాన్ని కాపాడాలనే లాగాను. అది మాత్రం తప్పు చేస్తే నాయన కొట్టాడనుకుంది.

పద్మ అరవలేదు. పాప జబ్బకు కొబ్బరినూనె రాస్తూ, నా వైపు చూడకుండానే అంది. "రేపు కాకుంటే ఎల్లుండి అనంతపురం పెద్దాసుపత్రికి పోతాండాం. నువ్వు రాకపోతే మీ యూనిట్‌కు నేనే ఫోన్ చేస్తా. నెంబరు నా కాడ ఉండాది."

"చేస్తే నా బతుకు బజారున పడతాది. తుపాకీ గుంజుకుంటారు. తోటమాలిని చేస్తారు నన్ను."

"చేయనీ. మనిషివి ఉంటే చాలు నాకు."

అప్పుడు నాయన కలగజేసుకున్నాడు. "ఇద్దురూ గమ్మునుండండి" అని, కాసేపు ఆగి, "ఆసుపత్రి చీటీ నా పేరుతో రాపిద్దాం లే. నాకు బాగలేదని చెబుదాం. నువ్వు నాకు తోడు రా" అన్నాడు.

అంత మాట ఇస్తే కాదనలేకపోయాను. నిజం చెప్పాలంటే ఎగిరి గంతేశాను. నా పేరు ఎక్కడా ఉండదు కదా.

నలభై ఐదో రోజు

తెల్లవారుజామున లేచేసరికి నా మగ్గం దగ్గర నాయన ఉన్నాడు. కత్తెర పట్టుకుని, సగం నేసిన చీరను అడ్డంగా కోస్తున్నాడు. మా ఇంట్లో చీర పూర్తయితే గానీ కోయరు. కోసే రోజున మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి కోస్తారు. నడిమధ్యలో కోయడం నేను పుట్టాక చూడలేదు. అమ్మ పోయిన రోజున కూడా మగ్గం మీద చీర అలాగే ఉంచి, పదకొండు రోజుల తర్వాత పూర్తి చేసిన మనిషి ఆయన.

"ఏం పని నాయనా ఇది?"

"పని ఉండాది" అన్నాడు. కోసిన బట్టను తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. పద్మ పాప దగ్గర ఉండిపోయింది, నాయనా నేనూ అనంతపురం బస్సెక్కాం.

ఆసుపత్రిలో మానసిక రోగాల విభాగం ముందు బెంచీలు నిండిపోయి ఉన్నాయి. నేను వరుసలో నిలబడి నాయన పేరుతో చీటీ రాయించాను. తెలిసినవాళ్ళు ఎవరైనా కనిపిస్తారేమోనని తల దించుకునే నిలబడ్డాను. బెంచీ మీద మా పక్కన గుంతకల్లు నుంచి వచ్చిన ముసలామె, ఆమె కొడుకు. కొడుకు రైలు పట్టాల మీద పని చేస్తాడట. ఆమె పేరు పీరమ్మ అని మాటల్లో తెలిసింది.

"ఎవురికప్పా బాగలేంది?" అని నన్ను అడిగింది.

"మా నాయనకు."

ఆమె నాయన వైపు తిరిగింది. "భయపడాకన్నా. ఈ డాక్టరమ్మ మంచిది. నా కొడుకు పట్టాల మీద ఏందో చూసినాడు, ఏడు నెలలు నోరు తెరవలే. ఇప్పుడు నాతో కొట్లాడతాండాడు."

నాయన తల ఊపాడు. ఆమె సంచిలోంచి బొరుగులు తీసి ఇద్దరికీ పెట్టింది. ఇంతలో వరండా చివర ఎవరో ఇనుప మంచం తోసుకుంటూ వచ్చి గోడకు గుద్దారు. నేను బెంచీ కింద మోకాళ్ళ మీద ఉన్నాను. వరండాలో అందరూ నన్నే చూస్తున్నారు. బొరుగులు నేలంతా చెల్లాచెదురుగా పడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

పీరమ్మ లేచింది. ఏమీ జరగనట్టు తన సంచి పక్కకు జరిపి, గోడ మూల చూపించింది.

"ఆడ కూచో నాయనా. ఎనక గోడ ఉంటాది, వాకిలి కనపడతాది. మా వాడూ ఆడనే కూచుంటాండె."

నేను వెళ్ళి ఆ మూలలో కూర్చున్నాను. రోగి ఎవరో ఆమెకు తెలిసిపోయింది. మళ్ళీ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె కొడుకు వచ్చి నా ముందు పడ్డ బొరుగులు ఏరి చెత్తబుట్టలో వేశాడు. ఆ ఇద్దరినీ నేను మళ్ళీ చూడలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

మా పేరు పిలిచేసరికి ఒంటిగంట దాటింది. డాక్టరమ్మ మధ్యవయసు మనిషి, కళ్ళలో అలసట. చీటీ చూసి నాయనను అడిగింది.

"ఏం ఇబ్బంది పెద్దాయనా? నిద్ర పడుతుందా?"

"నాకు బాగా పడతాది తల్లీ. వీనికే పట్టదు" అన్నాడు నాయన.

నేను ఆయన చెయ్యి నొక్కాను. ఆయన విడిపించుకున్నాడు.

"ఆయనకే మేడం, ఆయనకే బాగలేదు. నేను ఆర్మీలో ఉన్నాను, నాకేం లేదు" అన్నాను. అప్పటికి నా గొంతు లేచింది. బయట అటెండరు లోపలికి తొంగిచూశాడు.

నాయన తువ్వాలు విప్పి ఆ సగం చీరను బల్ల మీద పరిచాడు. గచ్చకాయ రంగు పట్టు, జరీ అంచు. అంచు పొడుగునా ఎర్ర దారాలు.

"అమ్మా, నేను సదువుకున్నోన్ని కాదు. బట్ట సదవడం మాత్రం వచ్చు. వీడు నేస్తాంటే ఏదన్నా సప్పుడైతే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడినప్పుడల్లా అడ్డపోగును కొట్టే పలకను రెండు మూడు తూర్లు గట్టిగా గుంజుతాడు. ఆడ బట్ట మందమైతాది. ఆ ఎనకనే చెయ్యి జారిపోతాది, ఈడ జూడు, పలచన. కండ్లకు కనపడదు, చేత్తో తడిమితే తెలుస్తాది. దొరికిన కాడికి దారం కట్టినా. మొదుట్లో దినానికి నాలుగైదు. పోయిన వారంలో లెక్కే లేదు." ఆయన అంచు మీది ముడి ఒకటి తడిమాడు. "మొదుట్లో చెయ్యి తప్పిందేమో అనుకుంటి తల్లీ. కొడుకు మగ్గం కాడికి వచ్చినాడని మురిసిపోతి. ఎంత పొరపాటు చేసినా."

డాక్టరమ్మ లేచి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి బట్ట మీద పెట్టి జరిపింది. ఒక ముడి దగ్గర ఆగింది. ఇంకొంచెం జరిపి మళ్ళీ ఆగింది. ఆ చెయ్యి ఆగిన ప్రతిసారీ నేను ఎవరికీ చెప్పని మాట ఒకటి ఆమె చదివేసినట్టు అనిపించింది. ఇరవై ముడుల దాకా అలా చూసి కూర్చుంది. నాయన చీటీ పక్కన పెట్టి, తెల్ల కాగితం తీసి నా పేరు అడిగింది.

చెప్పాను.

"సెలవు ఎప్పటిదాకా?"

"ఇంకో పదిహేను రోజులు."

"వెళ్ళాక?"

నాయన పక్కనే ఉన్నాడు. ఆయన ముందు ఆ మాట ఎలా చెప్పను? బట్ట వైపు చూస్తూ చెప్పాను. రైఫిల్ చేతికి వస్తే బతకను మేడం అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. నాయన చెయ్యి నా వీపు మీదికి వచ్చింది, అక్కడే ఉండిపోయింది. నేను ఏడ్చాను. ముప్పై మూడేళ్ళవాణ్ణి, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

ఆమె తొందరపెట్టలేదు. మందులు ఇవాళే మొదలుపెడతాను గానీ నువ్వు సర్వీసులో ఉన్నావు కాబట్టి మిలిటరీ ఆసుపత్రి చూడాలి, బెంగుళూరు దగ్గరే, ఉత్తరం రాసిస్తాను, రేపే వెళ్ళండి అంది. అప్పటిదాకా నన్ను ఒంటరిగా వదలొద్దని నాయనకు చెప్పింది. యూనిట్‌కు ఇప్పుడే ఫోన్ చెయ్యి అంది నాతో.

"చెబితే తుపాకీ తీసేసుకుంటారు మేడం."

"తీసుకోవాలనే కదా ఇప్పుడు నాకు చెప్పావు?"

ఫోన్ పట్టుకుని బయటికి వచ్చాను.

అదే రోజు, ఆసుపత్రి ఆవరణలో

యూనిట్‌కు చేయడానికి ధైర్యం చాలలేదు. ముందు సింహాచలానికి చేశాను. ఏడాదిగా మాట్లాడుకోలేదు. అతను వేరే చోటికి బదిలీ అయ్యాడు. పేరు చెప్పగానే ఫోన్ పెట్టేస్తాడనుకున్నాను.

"నానే. సెప్పు" అన్నాడు.

"నిన్ను చూసి నవ్వినాను రా."

"నవ్వినావు. క్యాను తోటి సెల్యూట్ కూడా కొట్టినావు, మరిసిపోనేదు." కాస్త ఆగాడు. "నీకూ వొచ్చినాదా?"

వచ్చిందన్నాను. అతను ఒక్క దెప్పుమాట అనలేదు. ఏ కాగితాలు తీసుకెళ్ళాలో, ఎవరిని అడగాలో, అక్కడ మొదటి వారం ఎలా ఉంటుందో అన్నీ చెప్పాడు. సెలవులో ఉండగా చేరితే పారిపోయినట్టు రాయరు, నాది హామీ అన్నాడు. చివర్లో నేను తుపాకీ సంగతి ఎత్తాను.

"తుపాకీ అట్టుకెళిపోనారు. నాను మిగిలిపోనాను. అంతే కదేటి?" అన్నాడు.

ఆ తర్వాత మా సుబేదారు సాబ్‌కు చేశాను. హిందీలో రెండు వాక్యాలు ముందే మనసులో అనుకుని పెట్టుకున్నాను. సాబ్, నాకు ఒంట్లో కాదు, మనసులో బాగాలేదు. నేను తిరిగి వస్తే నాకు ఆయుధం ఇవ్వకండి. ఫోన్ కట్టయిందేమోనని చూసుకున్నాను. కాలేదు.

"నువ్వే చెప్పావు కదా, అదే చాలు" అన్నాడు చివరికి. "ఇక్కడికి రైలు ఎక్కకు. బెంగుళూరు వెళ్ళు. మిగతాది నేను చూసుకుంటాను. పక్కన ఎవరున్నారు? ఫోన్ ఇవ్వు."

నాయనకు హిందీ రాదు. అయినా ఫోన్ తీసుకుని, ఆయన ఏం చెబుతున్నా ఆ, ఆ అంటూ నిలబడ్డాడు.

మే నుంచి ఆగస్టు దాకా

మర్నాడు పద్మా నాయనా నన్ను బెంగుళూరు తీసుకెళ్ళి చేర్పించారు. ఆసుపత్రి లోపలి సంగతులు ఎక్కువ చెప్పను. చేరగానే బెల్టు, బ్లేడు, బూట్ల లేసులు తీసుకున్నారు. మొదటి వారం అందరి మీదా మండిపడ్డాను. మందులకు నోరు ఎండిపోయేది, కాళ్ళు బరువెక్కేవి, మధ్యాహ్నం దాకా మత్తు. మంచి కంటే చెడ్డ రోజులే ఎక్కువ. ఇక్కడికి ఎందుకు తెచ్చావని పద్మను తిట్టాను. ఆమె ప్రతి పదిహేను రోజులకూ బస్సెక్కి వచ్చి ఆ తిట్లు తిని పోయేది.

వారానికి మూడు రోజులు ఒకాయనతో కూర్చుని మాట్లాడాలి. నెల దాకా వాతావరణం గురించే మాట్లాడాను. ఒకరోజు ఆయన టీ తెప్పించాడు. గ్లాసు చేతికి ఇవ్వగానే నాకు ఆ కొండ, ఆ మధ్యాహ్నం, నాతో ఉన్నవాడు, అంతా కళ్ళ ముందుకు వచ్చింది. మొదటిసారి అతని పేరు పైకి అన్నాను. మూడంగల దూరం గురించి చెప్పాను. ఆ రోజు నుంచే కోలుకోవడం మొదలైందని నా నమ్మకం. ఆ టీ మాత్రం తాగలేకపోయాను.

ఎక్కడికి పోవాలో తెలియకే మనవాళ్ళు ఆగిపోతారు, నాకది ఇప్పుడు బాగా తెలుసు. సర్వీసులో ఉంటే యూనిట్ డాక్టరు ఉంటాడు, కొన్నిచోట్ల మాట్లాడటానికే పెట్టిన కౌన్సెలర్లు ఉంటారు. వాళ్ళ దగ్గరికి పోవడానికి మొహం చెల్లకపోతే, సెలవులో ఉన్నప్పుడు దగ్గరి మిలిటరీ ఆసుపత్రికి పోవచ్చు. అదీ దూరమైతే జిల్లా పెద్దాసుపత్రి ఉంది, మానసిక వైద్యానికి వేరే గది ఉంటుంది, వాళ్ళు ఉత్తరం రాసిస్తారు. రిటైరైనవాళ్ళకు మాజీ సైనికుల ఆఫీసులో అడిగితే దారి చెబుతారు. డబ్బులు పడకుండా ఫోన్లోనే మాట్లాడే ప్రభుత్వ లైన్లు కూడా ఉన్నాయి. ఇవేవీ చేతకాకపోతే, ఒకప్పుడు మీరు చూసి నవ్విన మనిషికి ఫోన్ చెయ్యండి. అతను ఎత్తుతాడు.

ఇప్పుడు

నన్ను బట్టల స్టోరులో వేశారు. దుప్పట్లు, జాకెట్లు ఇచ్చి పుచ్చుకునే పని. నాతో చేరినవాళ్ళు హవల్దార్లు అయ్యారు, నేను కాలేదు. కాలేదని నాకు మంటగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను. ఆరు నెలలకోసారి డాక్టర్ల ముందు నిలబడాలి. వెనక నుంచి ఎవడో రాగం తీస్తూ నన్ను స్టోర్ సాబ్ అంటాడు. ఆ మాట ఎక్కడ తగులుతుందో అనేటప్పుడు వాడికి తెలియదు, ఒకప్పుడు నేనూ అన్నవాణ్ణే, అందుకే ఊరుకుంటాను. మందులు ఒకటికి తగ్గాయి.

మొన్న సెలవులో ఇంటికి వెళ్ళాను. నా మగ్గం మీద నాయన తెగిన పడుగుకు పోగు పోగు అతికి, ఆ పడుగు మీద మిగిలిన చీరలు ఎప్పుడో పూర్తి చేశాడట. కోసిన ముక్కతో పద్మ పాపకు పావడా కుట్టించింది. ఎర్ర దారాలు మాత్రం తీయనివ్వలేదు నాయన.

హర్షితకు ఎనిమిదేళ్ళు వచ్చాయి. నేను మగ్గం దగ్గర ఉంటే అది నేరుగా లోపలికి రాదు. గడప అవతలే నిలబడి "నాయనా, వస్తాండా" అని చెప్పి వస్తుంది. ఎవరు నేర్పారో అడగలేదు. అలా చెప్పాల్సి రావడం నాకు కష్టంగానే ఉంటుంది. అది వచ్చి పక్కన కూర్చుంటే ఆ కష్టం పోతుంది.

ఈసారి పూర్తిగా ఒక చీర నేశాను. కోసే రోజున నాయన మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టాడు. కోయడానికి ముందు పాత అలవాటు ప్రకారం బట్ట కింద అరచెయ్యి పెట్టి జరిపాడు. ఈ చివర నుంచి ఆ చివరకు. కొంగు దగ్గర ఒకసారి ఆగాడు. ఇంకో జానెడు పోయి మళ్ళీ ఆగాడు.

"రెండు ఉండాయి" అన్నాడు.

"ఆ కాడికి విప్పి మళ్ళా నేస్తాలే నాయనా. ఎవురికీ తెలీకుండా."

ఆయన చెయ్యి ఆ రెండో చోటు మీదే ఉంది. కాసేపు దాన్ని అలాగే నిమిరాడు.

"ఏల విప్పేది? ఉండనీ" అన్నాడు. "కొనేటోళ్ళకు చెప్పి అమ్ముదాం."